కొసరుకు గడి లేదు

రోజు 1, శుక్రవారం. పొద్దున తూకం 61.0

పాత పుస్తకం నిన్నటితో అయిపోయింది. అందులో నూట యాభై రెండు రోజులున్నాయి. 74.2 దగ్గర మొదలై 61.0 దగ్గర ఆగింది. ఇది కొత్తది. గడులు నాలుగు గీశాను: పొద్దున తూకం, తిన్నది, నడిచింది, ఇతరాలు.

రత్నం ఏడింటికి బయలుదేరింది. పడవ రేవు వదిలాక బుట్టలోంచి వంగి, "ఏవండోయ్, రేపట్నుంచి అన్నం తింటారు కదా, నెమ్మదిగా నమలండి. పారిపోదు," అని అరిచింది. రేవులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను చెయ్యి ఊపాను.

సముద్రం లంకల మధ్యకు వచ్చినప్పటి నుంచి ఇక్కడ కింద ఊబి, మీద మడ చెట్ల వేళ్లు. నావ వేస్తే అరగంటలో ఇరుక్కుపోతుంది. అందుకే గాలిపడవలు. పైన గాలితిత్తి, కింద వెదురు బుట్ట, చుట్టూ ఇసుక సంచులు. మా ఆవిడ ఆ పడవ మీద పదకొండు లంకలకు మందులూ ఉత్తరాలూ విత్తనాలూ చేరవేస్తుంది. శుక్రవారం వెళ్తే సోమవారం సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. ఇరవై రెండేళ్లుగా నాకు వారంలో మూడు రోజులే పెళ్లాం ఉంది.

ఈ లంకలో కాటాలు సరిచూడటం, బాగుచేయడం నా పని. ఎవరూ నేర్పలేదు. పాడైన కాటా ఒకటి విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నాను.

కిందటేడు ఉత్తరపు దారిలో ఒక పడవ మనిషి ఒంటరిగా ఉండగా స్పృహ తప్పాడు. ఇకమీదట ప్రతి పడవలోనూ ఇద్దరుండాలని పడవల కచేరీ ఉత్తర్వు ఇచ్చింది. తోడుమనిషి బరువు అరవైకి తగ్గకూడదు, అరవై రెండుకు మించకూడదు. సంచుల్లో ఇసుక ఆ లెక్కన పోస్తారు మరి. రత్నం నా పేరు రాసిచ్చింది, నేను కుదిరేదాకా ఒంటరిగా వెళ్లడానికి గడువిచ్చారు. అప్పుడు నేను 74.2. తగ్గడం అయింది. ఇప్పుడు ఎనిమిది గురువారాలు ఆ హద్దుల మధ్య నిలబడి చూపించాలి. మూడు గురువారాలు తప్పితే రత్నానికి ఉత్తరపు దారిలో వేరే తోడుమనిషిని ఇస్తారు. మకాం కూడా అక్కడే. నెలకు ఒకసారి ఇంటికొస్తుంది.

రోజు 2, శనివారం. 61.0

ఐదు నెలల తర్వాత వంటచావిడిలో భోజనం. ఇన్నాళ్లూ ఇంట్లోనే చోడిజావ, అదే రాగిజావ, కాచుకుని తాగాను. మిగతా లంకంతా చావిడిలోనే తింటుంది, ఇంటింటికీ పొయ్యి వెలిగించేంత వంటగాలి లేదు. ఎవరి తూకం వాళ్లకు కాటా మీద పెట్టి వడ్డిస్తారు.

తిన్నది: అన్నం 180, పప్పు 60, బీరకాయ కూర 80, మజ్జిగ.

వంట చేసేది అచ్చియ్యమ్మ పిన్ని. వరసకు పిన్ని కాదు, లంకలో అందరికీ పిన్నే. డెబ్బై దాటాయి. నన్ను చూడగానే గరిటె పట్టుకునే చావిడి బయటికి వచ్చింది.

"ఏరా అబ్బాయ్, ఆ చొక్కా నీదేనా, ఎవరిదైనా అడిగి తొడుక్కున్నావా?"

"నాదే పిన్నీ."

"లోపల మనిషి ఏడీ మరి?"

కూర్చున్నాను.

రోజు 7, గురువారం. 61.4

మొదటి గురువారం. కచేరీ నుంచి నూకరాజు గారు వచ్చారు. నన్ను నా కాటా మీద తూచడానికి ఒప్పుకోరు, అది న్యాయమే. తన కాటా పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్నారు. మంచి కాటా. ముల్లు వణకదు.

"అరవై ఒకటీ నాలుగు. బానే ఉందండి పేర్రాజుగారూ. పెళ్లినాటికి ఇలాగే ఉండేవోరా?"

"అప్పుడింకా సన్నం," అంది రత్నం. "గాలొస్తే పట్టుకోవాల్సొచ్చేది."

నాలుగు వందల గ్రాములు పెరిగింది. రత్నంతో అనలేదు.

రోజు 12, మంగళవారం. 61.7

తూకం ప్రకారమే తింటున్నాను. అన్నం 180కి ఒక్క మెతుకు ఎక్కువ లేదు. గట్టు చుట్టూ రోజుకు రెండు చుట్లు నడుస్తున్నాను. అయినా పెరుగుతోంది.

చావిడి కాటా విప్పి చూశాను. తప్పు లేదు. ఇంటి కాటా కూడా విప్పాను. అదీ సరిగానే ఉంది. రెండూ తుడిచి, నూనె వేసి బిగించాను.

ఇతరాలు: చోడిజావ తాగిన రోజుల్లో ఆకలి ఉండేది, కానీ దానికో వేళ ఉండేది. ఇప్పుడు వేళ లేదు. మధ్యాహ్నం తిని లేచేటప్పటికే సాయంత్రం గురించి ఆలోచిస్తున్నాను.

రోజు 14, గురువారం. 61.9

నూకరాజు గారు తూచారు. అంకె రాసుకుని, ముల్లుకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూశారు.

రోజు 17, ఆదివారం. 62.0

నాలుగు చుట్లు నడిచాను. మోకాలు పట్టేసింది. ఉప్పు తగ్గించాను. మజ్జిగలో నీళ్లు ఎక్కువ పోయించుకున్నాను.

రోజు 21, గురువారం. 62.3

మొదటి తప్పు.

"ఏంటండీ ఇది," అన్నారు నూకరాజు గారు. ఆయన గొంతులో ఎకసెక్కం లేదు. అదే నాకు బాధనిపించింది.

ఇంటికొచ్చాక రత్నం పక్కన కూర్చుని నా మోకాలికి వావిలాకు కట్టింది. "ఇంకా ఐదు వారాలున్నాయి కదండీ," అంది. అంతకంటే ఏమీ అడగలేదు. అడిగితే పుస్తకం చూపించాల్సి వచ్చేది. నా పుస్తకాలు ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. దాచాలని కాదు, అలవాటు లేదు.

రోజు 25, సోమవారం. 61.1

శనివారం నుంచి రాత్రి భోజనం మానేశాను. రత్నం సాయంత్రం వచ్చి, "తిన్నారా?" అంది. తిన్నానన్నాను. పెళ్లయ్యాక ఆమెతో చెప్పిన అబద్ధాలు రెండు. ఇది రెండోది. మొదటిది ఆమె పాడుతుంటే బాగుందని చెప్పడం.

రోజు 28, గురువారం. 59.8

రెండో తప్పు.

నిన్న రాత్రీ తినలేదు. పొద్దున నీళ్లు కూడా తాగకుండా చావిడికి వెళ్లి, ఇరవై కిలోల రాయి ఎత్తి కాటా సరిచూస్తున్నాను. రాయి చేతిలోంచి జారిపోవడం తెలిసింది. తర్వాత కళ్లు తెరిచేసరికి పొయ్యి పక్కన పడుకుని ఉన్నాను, అచ్చియ్యమ్మ పిన్ని నోట్లో బెల్లం నీళ్లు పోస్తోంది. మెల్లగా లేచి రేవుకు వెళ్లాను. నూకరాజు గారు తూచారు. హద్దుకు రెండు వందల గ్రాములు తక్కువ.

"తగ్గినా తప్పేనండి. తోడుమనిషి తేలికైతే పడవ ఒరిగిపోద్ది. మీకు నే చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. అది నాకు తెలుసు.

రత్నం నాకంటే ముందు నడిచింది. ఇంట్లోకి వచ్చి తలుపు వేసింది. "రేపొద్దున పైన, ఊబి మీద, నేను తాళ్లు పట్టుకుని ఉండగా మీరిలా పడిపోతే నేనేం చేయాలి? పడవ చూసుకోవాలా, మిమ్మల్ని చూసుకోవాలా?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

తర్వాత చెయ్యి చాపింది. "పుస్తకం ఇవ్వండి."

ఇచ్చాను.

మంచం మీద కూర్చుని ఇరవై ఎనిమిది రోజులూ చదివింది. వేలు పెట్టి ఒక్కో గడీ చూసింది. అబద్ధం గురించి రాసిన చోట వేలు ఆగింది. "నా పాట సంగతి తర్వాత తేలుస్తాను," అని ముందుకు వెళ్లింది. చివరికొచ్చి, మళ్లీ మొదటికి వెళ్లి అడిగింది.

"కొసరు ఎక్కడ రాశారు?"

"కొసరు రాయరు కదా."

"రాయరా?"

"కాటా మీంచి దించాక వేసేది కొసరు. లెక్క కాటా మీదున్నదానికే."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, ఊపిరి అందక, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది. "అయ్యో నా తండ్రీ! పిన్ని మీకు పూటకెంత కొసరుద్దో మీకు తెలీదా? కాటాలు విప్పేరా దీనికి? రెండు కాటాలు విప్పేరా?"

నాకు నవ్వు రాలేదు. ముప్ఫై ఏళ్లుగా తూకం వేస్తున్నాను. కొసరు రాయమని నాకు ఎవరూ చెప్పలేదు. రాయకూడదనీ ఎవరూ చెప్పలేదు. అది లెక్కలోకి రాదని పుట్టినప్పటి నుంచి తెలుసంతే.

రోజు 29, శుక్రవారం. 61.0

కొసరు తినకుండా గిన్నెలో పెట్టుకుని ఇంటికి తెచ్చి తూచాను.

పొద్దున: వేరుశెనగ ఉండ 42. మధ్యాహ్నం: గిన్నె అడుగున కొత్తావకాయ నూనె కలిపిన అన్నం ముద్ద 75, గరిటెకు అంటుకున్న ముద్దపప్పు 30. రాత్రి: "నీరసంగా ఉన్నావు" అంటూ బెల్లం ముక్క 20, ఇంకో ఉండ 42.

మొత్తం 209. అంకె చిన్నదే, కానీ అందులో ఉన్నదంతా బలమైన తిండి. నూనే, బెల్లమూ, వేరుశెనగా. దాదాపు ఒక పూట భోజనం. నాలుగు వారాలుగా రోజుకు నాలుగు పూటలు తింటూ మూడు రాసుకున్నాను.

నిన్న రత్నం ఇంకో మాట చెప్పింది. మూడో లంక డాక్టరమ్మ ఆమెతో అన్నదట: పదమూడు కిలోలు దించుకున్న ఒంటికి మునుపటంత తిండి అక్కర్లేదు, కానీ ఆకలి మాత్రం మునుపటి లెక్కే అడుగుతుంది. చిన్న పడవకు పెద్ద పడవ గాలి పట్టినట్టు. అది నాకు వెంటనే అర్థమైంది.

రోజు 30, శనివారం. 61.2

మధ్యాహ్నం పిన్ని 180 తూచి, పళ్లెం దించి, అలవాటుగా ముద్ద తీసింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"కొసరు వద్దు పిన్నీ."

చావిడిలో తినేవాళ్లు తలెత్తారు.

"ఏవన్నావ్?"

"కొసరు వద్దు. అదే బరువు పెంచుతోంది. తూచి చూశాను. నిన్న రెండు వందల తొమ్మిది."

నిజమే చెప్పాను. నిజం చెప్పేటప్పుడు ఇంకొన్ని మాటలు కలపాలని నాకెప్పుడూ తర్వాతే తెలుస్తుంది.

"నా కొసరు తూచేవా?" అంది పిన్ని. ముద్ద ఆమె చేతిలోనే ఉంది. "లంకలో ప్రతి మెతుకూ తూకవే. గాలీ తూకవే, నీళ్లూ తూకవే. ఆ కాటా ఎంతంటే అంత పెడతాను. ఆ తర్వాత పెట్టేది ఒక్కటే నేను పెట్టేది. దాన్ని పట్టుకెళ్లి కాటా మీద పెట్టేవా అబ్బాయ్?"

ముద్ద గిన్నెలో వేసేసి లోపలికి వెళ్లిపోయింది.

రోజు 32, సోమవారం. 61.3

పిన్ని కొసరు మానేసింది. నాకు ఒక్కడికే కాదు, లంకకంతా. 180 అంటే 180. గరిటె అంచు విదిల్చి మరీ దించుతోంది. ఎవరైనా పళ్లెం చాపి నిలబడితే, "పేర్రాజు లెక్క అడిగేడు నాయనా, తప్పుగా అనుకోకు," అంటోంది.

దారిలో ఎదురైనవాళ్లు నాకు దారి వదులుతున్నారు. మర్యాదకు కాదు.

సాయంత్రం రత్నం పడవ దిగకముందే ఎవరో ఈ సంగతి చెప్పేశారు. "నేను వెళ్లి మాట్లాడనా?" అంది. వద్దన్నాను. నేను మాట్లాడాల్సిన మాట అది.

రోజు 35, గురువారం. 61.2

ఐదో గురువారం దాటింది. హద్దులోనే ఉన్నాను. నూకరాజు గారు మెచ్చుకున్నారు. తర్వాత చావిడిలో భోజనానికి కూర్చుని, తూకం తిని, ఖాళీ పళ్లెం ముందు కాసేపు ఆగారు. నాకేసి చూశారు. "మీ పుణ్యవేనటగదండి," అన్నారు.

బరువు నిలబడింది. అన్నం రుచి లేదు. ఈ రెంటినీ ఒకే వరసలో రాయాల్సి వస్తుందని అనుకోలేదు.

రోజు 37, శనివారం. 61.2

ఏం మాట్లాడాలో రెండు రోజులు కాయితం మీద రాసుకున్నాను. పొద్దున చావిడికి వెళ్లేసరికి పిన్ని తిరగలి తొక్కుతోంది. కూర్చుని కాళ్లతో తొక్కే తిరగలి, చోళ్లు ఆడుతోంది. ఆ వయసులో అది ఆమె పని కాదు, తొక్కడానికి ఇంకెవరూ రాలేదు. రాసుకున్నది ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు.

"లే పిన్నీ, నేను తొక్కుతాను."

లేచింది. పావుగంట తొక్కాక చెప్పాను.

"నా బరువు ఎందుకు నిలబడి ఉండాలో నీకు తెలుసు కదా. రత్నాన్ని ఉత్తరానికి పంపేస్తారు."

"తెలుసు."

"కొసరు మానకు. తూకం తగ్గించు. అన్నం నూట నలభై చెయ్యి."

"నూట నలభై పెట్టి నీ పళ్లెం చూస్తే నా చెయ్యి ఆగదురా. ముద్ద ఇంతవుద్ది." రెండు చేతులూ కలిపి చూపించింది.

"అయితే మధ్యాహ్నం ఒక్కసారి పెట్టు. పొద్దున, రాత్రి వద్దు."

"పొద్దున ఉండ?"

"వద్దు."

"సగం?"

"పిన్నీ."

"సర్లే. మధ్యాహ్నం ఒక్కటి. ఎంత పెడితే అంత తినాలి, గిన్నెలో దాచుకుపోయి తూచడాలు లేవు. ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టాను. నేను తూచకుండా తినేది ఇక అదొక్కటే.

"రోజూ వచ్చి తొక్కు మరి," అంది. "తిన్నది అరుగుద్ది, నాకు పిండీ ఆడుద్ది. ఆ గట్టు చుట్టూ ఊరికే తిరుగుతున్నావు, ఎవరికి పనికొచ్చింది అది?"

మధ్యాహ్నం చావిడంతా కొసరు పడింది. ఎవరో చప్పట్లు కొట్టారు.

పుస్తకంలో ఐదో గడి గీశాను. పైన కొసరు అని రాశాను. కింద ఏమీ రాయకూడదు.

రోజు 42, గురువారం. 61.6

తిరగలి: రోజుకు నలభై నిమిషాలు. నడక: రెండు చుట్లు.

రోజు 49, గురువారం. 61.9

హద్దుకు వంద గ్రాములే తక్కువ. రత్నం రేవులో నా వెనక నిలబడి ఊపిరి బిగబట్టడం వినిపించింది. ముల్లు ఆగాకే వదిలింది.

ఇంకొక్క తప్పుకు చోటు లేదు, ఇంకొక్క గురువారం మిగిలింది.

రాత్రి భోజనం మానేద్దామనిపించింది. రత్నం నా మొహం చూసి పుస్తకం తీసుకుంది. ఇప్పుడు అడగదు, తీసుకుంటుంది. "రోజు రోజూ చూస్తే గుండె జారుద్ది. వారం మొత్తం కలిపి ఏడుతో భాగించండి," అంది. చేశాను. మొన్నటి వారం 61.6, ఈ వారం 61.7. నేను భయపడినంత పెరగలేదు. "మానడం ఏం వద్దు. రాత్రి అన్నం ఓ గుప్పెడు తగ్గించండి, తిరగలి పది నిమిషాలు పెంచండి. అంతే. ఇకమీదట మనం చేయాల్సింది అంతే. కొంచెం అటు, కొంచెం ఇటు. ఎన్నాళ్లూ అంటే, ఎప్పటికీ."

"ఎప్పటికీనా?"

"నాతో ఉండాలంటే మరి."

రోజు 56, గురువారం. 61.4

నూకరాజు గారు ముల్లు ఆగేదాకా ఆగి, అంకె రాసి, కింద సంతకం పెట్టి, కాయితం నాకు కాకుండా రత్నానికి ఇచ్చారు. "మీ తోడుమనిషిని అప్పజెబుతున్నానమ్మా. జాగ్రత్తగా వాడుకోండి."

రత్నం కాయితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది. ఇంటికి వెళ్లే దారిలో పాడింది. బాగుందని చెప్పలేదు. నవ్వింది.

రోజు 57, శుక్రవారం. 61.4

గాలిలోంచి రాస్తున్నాను. చేతిరాత బాగాలేదు.

పొద్దున ఏడింటికి నూకరాజు గారు సామాను తూచారు. మందుల పెట్టె 14.0. ఉత్తరాలు 2.3. విత్తనాలు 9.5. రత్నం 54.2. నేను. ఇసుక సంచులు లెక్కకు సరిపెట్టి బుట్టకు ముద్ర వేశారు. నేను తాళ్లు విప్పబోతున్నాను.

"ఆగండ్రా!"

అచ్చియ్యమ్మ పిన్ని రేవు మెట్ల మీద పరుగులాంటి నడకతో వస్తోంది. చేతిలో అరిటాకు పొట్లం. వేడిగా ఉన్నట్టుంది, చేతులు మారుస్తోంది.

"తూకమై ముద్ర కూడా వేశానమ్మా. ఏవిటది?" అన్నారు నూకరాజు గారు.

"కొసరు బాబూ."

ఆయన పొట్లాన్ని చూశారు. నన్ను చూశారు. తర్వాత ఊబి వైపు తిరిగి, అక్కడేదో పిట్ట ఉన్నట్టు చాలాసేపు చూశారు. "నాకేవీ కనబళ్లేదు," అన్నారు. "మరి నాకేదీ?"

"చావిడికి రా, పెడతాను."

పొట్లం నా చేతిలో పెట్టింది. "ఒట్టు గుర్తుందిగా," అంది. మొహం తిప్పుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

పడవ లేచింది. మడ చెట్లు కిందికి పోయాయి. పొట్లం బరువుకు పెద్దగా తేడా ఉండదు. అయినా పడవ కాస్త బరువుగా ఉందని నాకు తెలుస్తూనే ఉంది. కుడివైపు సంచి మూతి విప్పి, పొట్లం ఒక చేతిలో, ఇసుక ఒక చేతిలో పట్టుకుని, రెండు చేతులూ సమానంగా అనిపించేదాకా తీసి, ఇసుక కిందికి వదిలాను.

రత్నం తాళ్లు పట్టుకుని చూస్తోంది.

"ఎంత వదిలారు?"

"దీనికి సరిపడా."

"తూచారా?"

"లేదు."

ఇరవై రెండేళ్లలో ఆమె నన్ను అలా చూడటం గుర్తులేదు. తర్వాత తన పని చూసుకుంది.

మధ్యాహ్నం రెండో లంక కనబడగానే పొట్లం విప్పాను. కొత్తావకాయ నూనె కలిపిన ముద్ద. రెండు చేసి, సగం ఆమె చేతిలో పెట్టాను. తర్వాత నా సగంలోంచి ఇంకాస్త తుంచి, దాని మీద పెట్టాను.